అప్పుడప్పుడూ హెరాయిన్ వాడేవాళ్లలో కాలం గడిచేకొద్దీ ఏం మారుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

హెరాయిన్ అనగానే రోజూ అది లేనిదే గడవనివాళ్లే గుర్తొస్తారు. ఎప్పుడో ఒకసారి వాడేవాళ్ల గురించి తెలుగులో రాసింది తక్కువ. ఇంట్లోవాళ్లు, విదేశాల్లో చదువుకునే పిల్లల రూమ్మేట్లు, కౌన్సెలర్లు మాత్రం అవే అనుమానాలు మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. వాటికి జవాబులు ఇక్కడ పెడుతున్నాం. మనిషి ఇప్పుడే లేవడం లేదు, ఊపిరి సరిగా ఆడటం లేదు అంటే ఇది చదవకండి, ఫోన్ చేయండి: ఇండియాలో 108 లేదా 112, అమెరికాలో 911, బ్రిటన్‌లో 999.

## మొదట్లో

ఒక్కసారి ముట్టుకుంటే ఇక జీవితాంతం బయటపడలేరంటారు. నిజమేనా?

నిజం కాదు. 1990ల మొదట్లో అమెరికాలో జరిగిన జాతీయ సర్వే ప్రకారం, జీవితంలో ఒక్కసారైనా హెరాయిన్ వాడినవాళ్లలో దానికి పూర్తిగా లోబడిపోయిన దశ చూసినవాళ్లు సుమారు 23 శాతం. అదే సర్వేలో పొగాకుకు 32 శాతం, మద్యానికి 15 శాతం వచ్చింది. అంటే ఎక్కువమంది ఆ స్థితికి చేరలేదు. కానీ నూటికి 23 మంది చిన్న లెక్కేమీ కాదు, ఆ 23 మందిలో ఎవరుంటారో ముందుగా చెప్పగలిగే పరీక్ష ఏదీ లేదు. పైగా ఇది అలవాటు లెక్క మాత్రమే. ఊపిరి ఆగిపోవడానికి అలవాటు పడాల్సిన పని లేదు, మొదటిసారికే ఆగవచ్చు.

"ఒక్కసారికే అయిపోతారు" అని పిల్లల్ని భయపెట్టడం ఎదురు తిరుగుతుంది కూడా. రెండుసార్లు వాడి ఏమీ కానివాడు, మీరు చెప్పిన మిగతా నిజాల్ని కూడా నమ్మడం మానేస్తాడు.

ఎప్పుడో ఒకసారి వాడుతూ మామూలుగా బతికేవాళ్లు నిజంగా ఉంటారా? లేక అది వాళ్లను వాళ్లు మోసం చేసుకోవడమా?

ఉంటారు. 1970లలో హార్వర్డ్ సైకియాట్రిస్ట్ నార్మన్ జిన్‌బర్గ్ ఇలాంటివాళ్లను వెతికి పట్టుకుని మాట్లాడి, వాళ్ల వాడకం ఏళ్ల తరబడి ఎలా నడిచిందో నమోదు చేశాడు. 2005లో గ్లాస్గోలో డేవిడ్ షెవాన్, ఫిల్ డాల్గార్నో చేసిన అధ్యయనంలో 126 మంది ఉన్నారు. అందరూ చాలాకాలంగా హెరాయిన్ వాడుతున్నవాళ్లే, ఎవరూ అప్పటిదాకా చికిత్సకు వెళ్లలేదు. వాళ్లలో చాలామంది ఉద్యోగం, చదువు సాగిస్తున్నవాళ్లు. అదే ఏడాది ఇంగ్లండ్‌లో మరో పరిశోధక బృందం అప్పుడప్పుడూ వాడేవాళ్లపై ఇలాంటి నివేదికే ఇచ్చింది.

వీళ్లు లెక్కల్లో ఎందుకు కనబడరంటే, ఆసుపత్రి మెట్లు ఎక్కేది పరిస్థితి ముదిరినవాళ్లే. డాక్టర్లు రోజూ వాళ్లనే చూస్తారు కాబట్టి వాడేవాళ్లంతా అలాగే ఉంటారనుకుంటారు. పోలీసు రికార్డుల్లోనూ ఇదే వంపు ఉంటుంది. అయితే ఈ పరిశోధకులెవరూ హెరాయిన్ సురక్షితమని చెప్పలేదు. మాట్లాడటానికి ముందుకొచ్చినవాళ్లు బతికున్నవాళ్లు, కాస్త నిలదొక్కుకున్నవాళ్లు. మిగిలినవాళ్లు ఇంటర్వ్యూలకు దొరకరు.

"ఇంకా లోబడలేదు" అని దేన్నిబట్టి అంటారు? మానేస్తే ఒళ్లు నొప్పులు రాకపోతే సరిపోతుందా?

సరిపోదు. సైకియాట్రిస్టులు 2013 నుంచి వాడుతున్న డీఎస్ఎం-5 అనే మానసిక సమస్యల నిర్ధారణ పుస్తకంలో దీనికి 11 లక్షణాలున్నాయి. గడిచిన 12 నెలల్లో వాటిలో రెండు మూడు ఉంటే స్వల్పం, నాలుగైదు ఉంటే మధ్యస్థం, ఆరు, అంతకన్నా ఎక్కువ ఉంటే తీవ్రం. ఒంటికి సంబంధించినవి ఈ పదకొండులో రెండే: మోతాదు పెంచాల్సి రావడం, మానేస్తే బాధ రావడం. మిగతావన్నీ నడవడికవి. అనుకున్నదానికన్నా ఎక్కువ వాడటం, తగ్గించాలనుకుని తగ్గించలేకపోవడం, దాని కోసం, దాన్నుంచి తేరుకోవడం కోసం రోజులు పోవడం, పని ఎగ్గొట్టడం, ఇంట్లో గొడవలవుతున్నా ఆపకపోవడం, ఊరికే దానిమీదికి మనసు లాగడం లాంటివి. వారానికి ఒక్కసారే వాడుతూ, ఒంట్లో ఏ బాధా లేకుండానే ఇందులో నాలుగు ఉన్నవాళ్లుంటారు.

రేకు మీద కాల్చి పీల్చడమే, సూది ముట్టడం లేదు. మరి భయం దేనికి?

హెచ్‌ఐవీ, హెపటైటిస్-సి, నరాల దగ్గర చీము గడ్డలు సూదితో వచ్చే ప్రమాదాలు, పీల్చేవాళ్లకు అవి చాలా తక్కువ. ఆ తేడా నిజమైనదే. ఊపిరి ఆగే ప్రమాదం, అలవాటు పడే ప్రమాదం మాత్రం పీల్చినా ఉంటాయి. మనదేశంలో బ్రౌన్ షుగర్‌కు (శుద్ధి తక్కువ హెరాయిన్) లోబడినవాళ్లలో పీల్చేవాళ్లే ఎంతోమంది. ఇంకో సంగతి: అరుదుగా సూది వాడేవాళ్ల దగ్గర సొంత సామాను ఉండదు, పక్కవాడిది తీసుకుంటారు. రోజూ వాడేవాళ్లకు అందే కొత్త సూదుల పథకాలు వీళ్లదాకా రావు.

ఆంధ్ర, తెలంగాణల్లో హెరాయిన్ ఎక్కడుంది? ఇది పంజాబ్ సమస్య కదా?

కేంద్ర ప్రభుత్వం కోసం ఢిల్లీ ఎయిమ్స్ చేసిన దేశవ్యాప్త సర్వే 2019లో వచ్చింది. నల్లమందు, హెరాయిన్, మందుల షాపు నొప్పి మాత్రలు కలిపి ఓపియాయిడ్లు వాడుతున్నవాళ్లు జనాభాలో 2.06 శాతం, ఒక్క హెరాయిన్ 1.14 శాతం. సాయం అవసరమైన స్థాయిలో ఉన్నవాళ్లు దాదాపు 77 లక్షలు. అందులో సగానికి పైగా ఉన్న కొద్ది రాష్ట్రాల జాబితాలో పంజాబ్, యూపీ, హర్యానాలతో పాటు ఆంధ్రప్రదేశ్ పేరు కూడా ఉంది.

## నిలకడగా సాగుతున్నట్టు కనిపించే కాలంలో

ఏళ్ల తరబడి నెలకోసారే వాడగలుగుతున్నారంటే మనోబలం ఎక్కువనా?

మనోబలం కన్నా చుట్టూ ఉన్న పరిస్థితులే ఎక్కువ పనిచేస్తాయి. జిన్‌బర్గ్ తేల్చిన ముఖ్యమైన సంగతి ఇదే. మందు ఎలాంటిది అన్నది ఒక్కటే కాదు, వాడే మనిషి మానసిక స్థితి, వాడే చోటు, చుట్టూ ఉన్న మనుషులు కలిసి వాడకాన్ని నడిపిస్తాయి. నిలకడగా ఉన్నవాళ్లకు పొద్దున్నే వెళ్లాల్సిన ఉద్యోగం ఉంటుంది. హెరాయిన్ జోలికి పోని స్నేహితులు ఎక్కువగా ఉంటారు. సరుకు దొరకాలంటే శ్రమ పడాలి. వరుసగా రెండు రోజులు ముట్టకూడదని, ఇంట్లో నిల్వ పెట్టకూడదని, పని రోజుల్లో వద్దని తమకు తాము గీతలు గీసుకుంటారు.

ఇక్కడే చూడాల్సింది ఉంది. ఆ గీతలు నిలబడేది ఆ ఉద్యోగం, ఆ స్నేహాలు, ఆ దూరం ఉన్నంతవరకే. వాటిలో ఒకటి పోయిన రోజున గీత కూడా చెరుగుతుంది, ఆ మనిషి మాత్రం "నాకు కంట్రోల్ ఉంది" అనే అనుకుంటూ ఉంటాడు. అందుకే మనిషి ధైర్యాన్ని కాదు, అతని చుట్టూ ఏం మారుతోందో గమనించాలి.

వియత్నాం సైనికులు తిరిగొచ్చాక సులువుగా మానేశారని విన్నాం. అది ఎంతవరకు నిజం?

చాలావరకు నిజమే, కానీ సగమే చెబుతుంటారు. 1971లో వియత్నాంలోని అమెరికా సైనికులకు హెరాయిన్ చవగ్గా, చాలా స్వచ్ఛంగా దొరికేది. ఎక్కువమంది పొగగా పీల్చేవారు. ఆ జూన్‌లో ఇంటికి బయల్దేరే ప్రతి సైనికుడికీ మూత్ర పరీక్ష పెట్టారు. తర్వాత లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు ఆ సెప్టెంబరులో తిరిగొచ్చినవాళ్ల నుంచి నమూనా తీసి, వెతికి పట్టుకుని మాట్లాడింది. దాదాపు మూడోవంతు మంది అక్కడ హెరాయిన్ వాడారు, అయిదో వంతు మంది అక్కడ లోబడిపోయామన్నారు. అలా లోబడినవాళ్లలో ఇంటికొచ్చిన మొదటి ఏడాదిలో మళ్లీ ఆ స్థితికి వెళ్లినవాళ్లు 5 శాతం, మూడేళ్లలో 12 శాతం మాత్రమే.

చెప్పకుండా వదిలేసే సగం ఇది: అక్కడ లోబడినవాళ్లలో దాదాపు సగం మంది తిరిగొచ్చాక కూడా ఎప్పుడో ఒకప్పుడు వాడారు. అలా వాడినా చాలామంది మళ్లీ పూర్తిగా మునగలేదు. ఊరు మారింది, ధర పెరిగింది, పక్కన వాడే మనుషులు లేరు, ఇల్లూ పనీ ఉన్నాయి. ఒక డీ-అడిక్షన్ సెంటర్‌లో మూడు వారాలుండి, మళ్లీ అదే వీధికి, అదే గదికి, అదే స్నేహాలకు తిరిగొచ్చే కుర్రాడికి ఈ లెక్క వర్తించదు. ఆ సైనికులకు మారింది సరిగ్గా అవే.

మొదలుపెట్టాక వాడకం పెరుగుతూనే పోతుందా? ఒకే దారా?

ఒకే దారి లేదు. ఎక్కువమంది కొన్నిసార్లు వాడి వదిలేస్తారు. కొందరు ఏళ్ల తరబడి అరుదుగానే వాడతారు. కొందరిలో మెల్లగా పెరిగి రోజువారీ అవుతుంది. కొందరు కొన్ని నెలలు రోజూ వాడి, మధ్యలో ఏడాది పూర్తిగా ఆపి, మళ్లీ నెలకోసారికి వస్తారు. ఒకే మనిషి పదేళ్లలో ఈ దశలన్నీ చూడవచ్చు. కాబట్టి "ఇప్పుడు ఎంత వాడుతున్నాడు" అన్న ప్రశ్న ఒక్కటే అడిగితే ఏమీ తెలియదు. నిరుడు ఇదే నెలలో ఎలా ఉంది, ఈ ఆరు నెలల్లో ఏ వైపు కదిలింది అన్నది అడగాలి.

ఎన్ని రోజులు వరుసగా వాడితే ఒంటికి అలవాటవుతుంది?

అందరికీ ఒకే అంకె లేదు. మొదటిసారి అయితే వారం, రెండు వారాలు రోజూ వాడితే ఆపినప్పుడు బాధ స్పష్టంగా తెలుస్తుంది. కొందరిలో కొద్ది రోజులకే లీలగా మొదలవుతుంది. ఒకప్పుడు లోబడి బయటపడినవాళ్లకు రెండోసారి ఇంకా త్వరగా వస్తుంది. పండగ సెలవుల్లోనో, పరీక్షలయ్యాక పది రోజులు ఖాళీ దొరికినప్పుడో వరుసగా వాడటం ఇందుకే ప్రమాదకరం. నెలకోసారి వాడేవాడు రోజువారీకి జారేది సాధారణంగా ఇలాంటి ఖాళీల్లోనే.

రెండు మూడు రోజులుగా జలుబు, నీళ్ల విరేచనాలు, ఒళ్లంతా గగుర్పాటు. ఫ్లూ అనుకున్నాం. అదేనా?

ఫ్లూ కావచ్చు, విత్‌డ్రాయల్ (మందు ఆపాక వచ్చే బాధ) కూడా కావచ్చు. హెరాయిన్ ఆపిన 8 నుంచి 12 గంటల్లో మొదలై, రెండో మూడో రోజుకు బాగా ముదిరి, వారంలో తగ్గుముఖం పడుతుంది. ముక్కు, కళ్ల వెంట నీళ్లు, ఆగని ఆవులింతలు, రోమాలు నిక్కబొడుచుకోవడం, కాళ్లు పీకడం, కడుపులో మెలిపెట్టడం, నిద్ర పట్టకపోవడం ఉంటాయి. కంటి పాపలు చూడండి. మామూలు వెలుతురులో కూడా పెద్దవిగా కనబడితే విత్‌డ్రాయల్ అని అనుమానించాలి. జ్వరం బాగా ఎక్కితే ఫ్లూ అనుకోవాలి. "నేను లోబడలేదు, అప్పుడప్పుడే" అనే మనిషికి ఈ "ఫ్లూ" ఏడాదిలో మూడు నాలుగుసార్లు వస్తోందంటే ఆ మాట ఇప్పటికే పాతబడిపోయింది.

## జారుతున్నప్పుడు

చేయి దాటిపోతోందని ముందుగా తెలిసే గుర్తులేమిటి?

మోతాదు పెరగడం చివర్లో కనబడుతుంది. దానికన్నా ముందు మారేది ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో, ఎందుకు అన్నవి. శనివారం రాత్రికే అన్నది ఆదివారం సాయంత్రానికి జరుగుతుంది, తర్వాత "సోమవారం సెలవే కదా" అవుతుంది. నలుగురితో వాడేవాడు ఒంటరిగా మొదలుపెడతాడు. వీటన్నిటిలో పెద్ద మలుపు ఈ ఒంటరితనమే. ఎందుకంటే పక్కన చూసేవాళ్లు, వద్దనేవాళ్లు, ఊపిరి ఆగితే ఫోన్ చేసేవాళ్లు అప్పుడు ఒక్కసారే పోతారు. సరదా కోసం అన్నది నిద్ర కోసం, బాస్ తిట్టాడని, గొడవైందని అవుతుంది. దొరికినప్పుడు కొనేవాడు ముందే కొని ఇంట్లో పెట్టుకుంటాడు. పీల్చేది సూదికి మారుతుంది. తేదీల గురించి చిన్న అబద్ధాలు మొదలవుతాయి.

ఒక్కటి కనబడితే అయిపోయిందని కాదు. ఆరు నెలల్లో మూడు ఒకే దిశగా మారాయంటే ఆగి చూసుకోవాల్సిన సమయం వచ్చినట్టే.

ఏ సమయాల్లో ఎక్కువగా జారతారు?

ఉద్యోగం పోయినప్పుడు, ప్రేమ, పెళ్లి చెదిరినప్పుడు, ఇంట్లో ఒకరు చనిపోయినప్పుడు, వాడే మనిషితో కలిసి ఉండటం మొదలైనప్పుడు, సరుకు నడిచి వెళ్లేంత దగ్గరికి వచ్చినప్పుడు, ఆపరేషన్ తర్వాత లేదా దెబ్బ తగిలాక నొప్పి మందులు చేతికొచ్చినప్పుడు. విదేశాల్లో చదివేవాళ్లకు చదువు అయిపోయి ఉద్యోగం ఇంకా రాని ఆ నెలలు గట్టి పరీక్ష. రోజుకు ఆకారం ఉండదు, అప్పు కళ్లముందు ఉంటుంది, ఇంటికి "అంతా బాగుంది" అని చెప్పాలి.

"నాకు కంట్రోల్ ఉంది" అంటున్నాడు. నమ్మాలా, వద్దా?

వాదించకండి, వివరాలు అడగండి. కిందటి నెలలో ఎన్ని రోజులు? అంతకుముందు నెలలో? వద్దనుకున్న రోజున వాడింది ఎన్నిసార్లు? ఒంటరిగా ఎన్నిసార్లు? ఈ మధ్య పెట్టుకున్న నియమం ఏది, దాన్ని చివరిసారి ఎప్పుడు మార్చుకున్నావు? నిజంగా నిలకడగా ఉన్నవాడికి వీటికి జవాబులు తడుముకోకుండా వస్తాయి. నియమం నెలనెలా సడలుతోందని తన నోటితో తానే లెక్కపెట్టి చెప్పినప్పుడు కలిగే ఎరుక, మీరు గంటసేపు తిట్టినా కలగదు.

యూరిన్ టెస్ట్ కిట్ తెచ్చి పరీక్షిస్తే నిజం తెలిసిపోతుంది కదా?

పెద్దగా తెలియదు. హెరాయిన్ ఒంట్లోకి వెళ్లిన నిమిషాల్లోనే విడిపోతుంది, మూత్రంలో మిగిలేది ముఖ్యంగా మార్ఫిన్. అది రెండు మూడు రోజులే కనబడుతుంది. హెరాయిన్‌కే ప్రత్యేకమైన గుర్తు ఒక్క రోజులోపే పోతుంది, దాన్ని పట్టాలంటే ల్యాబ్ కావాలి. పదిహేను రోజులకోసారి వాడేవాడు సులువుగా తప్పించుకుంటాడు. ఫెంటనిల్, నైటజీన్లు అనే కృత్రిమ ఓపియాయిడ్లు మామూలు కిట్‌లో రావు. మరోవైపు కోడీన్ ఉన్న దగ్గు మందు తాగినా, గసగసాలు బాగా దట్టించిన కూర తిన్నా కొన్ని కిట్లు పాజిటివ్ చూపిస్తాయి. ఒక తప్పుడు పాజిటివ్‌తో పోయిన నమ్మకం తిరిగి రావడం కష్టం.

ఒకసారి పూర్తిగా లోబడినవాడు, తర్వాత ఎప్పుడో ఒకసారికి పరిమితం కాగలడా?

కొందరు కాగలిగారు. 2005 నాటి ఇంగ్లండ్ నివేదికలో అలాంటివాళ్లున్నారు. కానీ దాన్ని లక్ష్యంగా పెట్టుకోవడం మంచిది కాదని మా అభిప్రాయం. కాలిఫోర్నియాలో 1962–64 మధ్య నిర్బంధ చికిత్సకు పంపిన 581 మంది మగవాళ్లను పరిశోధకులు 33 ఏళ్లు వెంటాడి చూశారు. చివరికి 284 మంది చనిపోయి ఉన్నారు. బతికున్నవాళ్లలో చాలామంది ఏళ్ల తరబడి మానడం, మళ్లీ మొదలెట్టడం మధ్యే తిరిగారు. ఎప్పుడో ఒకసారికి కుదురుకున్నవాళ్లు అరుదు.

## విరామం తర్వాత మళ్లీ వాడినప్పుడు

మూడు నెలలు మానేసి ఒక్కసారి వాడితేనే చనిపోయాడు. పాత మోతాదే కదా, ఎలా?

పాత మోతాదు కాబట్టే. రోజూ వాడుతుంటే మెదడులో ఊపిరిని నడిపే భాగం మందుకు కొంత అలవాటుపడి తట్టుకుంటుంది. ఆపిన కొద్ది రోజుల నుంచే ఆ శక్తి తగ్గడం మొదలై వారాల్లో దాదాపు పోతుంది. ఇష్టం, జ్ఞాపకం మాత్రం అలాగే ఉంటాయి. చేతికి గుర్తున్నది పాత కొలత, ఒంటికి మిగిలింది కొత్తవాడి బలం. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో జైలు నుంచి విడుదలైనవాళ్లపై 2007లో వచ్చిన అధ్యయనంలో, మొదటి రెండు వారాల్లో డ్రగ్ ఓవర్‌డోస్‌తో చనిపోయే ప్రమాదం మామూలు జనంకన్నా 129 రెట్లు. డీ-అడిక్షన్ సెంటర్ నుంచి, ఆసుపత్రి నుంచి, నెల రోజులు ఊళ్లో ఉండి తిరిగొచ్చిన రోజులకూ ఇదే సూత్రం.

ఎప్పుడో ఒకసారి వాడేవాడికి ఈ తట్టుకునే శక్తి అసలు ఎప్పుడూ పెరగదు. అలవాటు లేదన్నది ఒక రకంగా ఊరట, ఇంకో రకంగా అదే అతని ప్రాణానికి ముప్పు.

కొత్త చోట వాడితే ప్రమాదం ఎక్కువంటారు. అందులో నిజముందా?

ఉంది. 1982లో షెపర్డ్ సీగెల్ బృందం ఎలుకలకు రోజులపాటు ఒకే గదిలో హెరాయిన్ ఎక్కించి, తర్వాత పెద్ద మోతాదు ఇచ్చింది. అలవాటైన గదిలో ఇచ్చినప్పుడు 32 శాతం చచ్చిపోయాయి. అదే మోతాదు కొత్త గదిలో ఇస్తే 64 శాతం. అంతకుముందు హెరాయిన్ ఎరగని ఎలుకల్లో 96 శాతం. అలవాటైన చోటు కనబడగానే ఒళ్లు ముందుగానే ఎదుర్కోవడానికి సిద్ధపడుతుంది, కొత్త చోట ఆ సిద్ధపాటు ఉండదు. హోటల్ గదుల్లో, స్నేహితుల ఫ్లాట్లలో జరిగే కొన్ని మరణాల వెనక ఇది కూడా ఉండవచ్చు.

మందు కొట్టి కాస్త మాత్రమే పీల్చాడు. రెండూ తక్కువే. ఎందుకు లేవడం లేదు?

మద్యం, నిద్ర మాత్రలు, ఆల్ప్రజొలాం లాంటి ఆందోళన మాత్రలు, హెరాయిన్ అన్నీ ఊపిరినే తగ్గిస్తాయి. విడివిడిగా తట్టుకోగల మోతాదులు కలిస్తే ప్రాణం తీస్తాయి. వారాంతపు వాడకం, పార్టీలో మద్యం ఒకే రాత్రి పడతాయి కాబట్టి అరుదుగా వాడేవాళ్ల చావుల్లో ఈ కలయిక తరచుగా కనబడుతుంది.

గట్టిగా గురక పెడుతున్నాడు. పడుకోనిస్తే మత్తు దిగిపోతుందా?

పడుకోనివ్వకండి. లోతుగా, గొంతులో నీళ్లు తిరుగుతున్నట్టు వచ్చే ఆ గురక ఊపిరి దారి మూసుకుపోతోందని చెబుతుంది. "బాగా నిద్రపోతున్నాడు" అని తలుపు దగ్గరికి వేసి వచ్చాక పోయిన ప్రాణాలు ఎన్నో. పెదవులు, గోళ్లు నీలంగానో బూడిద రంగుగానో మారడం, కంటి పాపలు సూదిమొనంత కావడం, నిమిషానికి పన్నెండుకన్నా బాగా తక్కువ ఊపిరులు, పిలిచినా పలకకపోవడం చూడండి.

పేరు పెట్టి గట్టిగా పిలవండి, పిడికిలి కణుపులతో రొమ్ము ఎముక మీద గట్టిగా రుద్దండి. కదలకపోతే అంబులెన్స్‌కు ఫోన్ చేసి "ఊపిరి ఆడటం లేదు" అని ముందు చెప్పండి. నలోక్సోన్ (హెరాయిన్ ప్రభావాన్ని కాసేపు అడ్డుకునే మందు) ముక్కు స్ప్రే ఉంటే ఒక ముక్కు రంధ్రంలో పూర్తిగా నొక్కండి. రెండు మూడు నిమిషాల్లో ఊపిరి పుంజుకోకపోతే రెండోది ఇంకో వైపు. ఈలోగా తల కాస్త వెనక్కి వంచి, ముక్కు మూసి, అయిదు సెకన్లకు ఒకటి చొప్పున నోటితో గాలి ఊదండి. ఊపిరి తనంతట తాను ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, వాంతి గొంతుకు అడ్డం పడదు.

మజ్జిగ, నిమ్మరసం, ఉప్పునీళ్లు పట్టకండి, అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చన్నీళ్లు గుమ్మరించడం, లేపి నడిపించడం వల్ల పోయేది సమయమే.

నలోక్సోన్ ఇవ్వగానే లేచి కూర్చున్నాడు. ఇక ఆసుపత్రి ఎందుకు?

నలోక్సోన్ పనిచేసేది 30 నుంచి 90 నిమిషాలు. ఒంట్లో ఉన్న మందు అంతకన్నా ఎక్కువసేపు ఉండవచ్చు, అప్పుడు మళ్లీ ఊపిరి మందగిస్తుంది. కనీసం కొన్ని గంటలు మనిషిని కనిపెట్టుకుని ఉండాలి, ఆ సమయంలో మళ్లీ వాడనివ్వకూడదు. అమెరికాలో 4 మిల్లీగ్రాముల స్ప్రే 2023 నుంచి ప్రిస్క్రిప్షన్ లేకుండా మందుల షాపుల్లో దొరుకుతోంది. బ్రిటన్‌లో డ్రగ్ సర్వీసులు ఉచితంగా ఇస్తాయి. ఇండియాలో ఇది ఎక్కువగా ఆసుపత్రుల్లో ఇంజెక్షన్‌గానే ఉంది, అందుకే ఇక్కడ 108 ఆలస్యం కాకూడదు.

## ఇప్పటి సరుకు

పాత అధ్యయనాల్లో అప్పుడప్పుడూ వాడినవాళ్లు బాగానే ఉన్నారు కదా. ఇప్పుడూ అంతే కదా?

అంతే కాదు. ఈ ఒక్క మాట మీ పిల్లలకు చేరినా చాలు. ఆ అధ్యయనాలు 1970ల నుంచి 2005 దాకా జరిగినవి. అప్పుడు పొట్లంలో ఉన్నది హెరాయిన్. ఇప్పుడు అమెరికా వీధుల్లో హెరాయిన్ పేరుతో అమ్మేదాంట్లో చాలావరకు ఫెంటనిల్, అది హెరాయిన్‌కన్నా ఎన్నో రెట్లు బలమైనది. అఫ్ఘానిస్తాన్‌లో తాలిబన్లు 2022 ఏప్రిల్‌లో గసగసాల సాగు నిషేధించాక, ఐక్యరాజ్యసమితి లెక్కలో సాగు 2,33,000 హెక్టార్ల నుంచి 2023కి 10,800 హెక్టార్లకు పడిపోయింది. బ్రిటన్‌కు హెరాయిన్ ముఖ్యంగా అక్కడి నుంచే వచ్చేది. అక్కడ ఇప్పుడు నైటజీన్లనే కృత్రిమ మందులు హెరాయిన్‌లోనూ, నకిలీ మాత్రల్లోనూ కలిసి వస్తున్నాయి. వాటిలో కొన్ని ఫెంటనిల్‌కన్నా బలమైనవి.

పొట్లంలో అవి సమంగా కలవవు. ఒక మూల ఏమీ ఉండదు, ఇంకో మూల చిటికెడులో ప్రాణం తీసేంత ఉంటుంది. పదేళ్లుగా తప్పకుండా పాటించిన నియమాలన్నీ "ఎంత, ఎప్పుడు" గురించినవి. "ఏమిటి" అన్నది మారిపోయాక ఆ నియమాలు కాపాడలేవు.

## సాయం, చట్టం, వీసా

ఇంకా లోబడలేదు. అయినా చికిత్స ఇస్తారా?

ఇస్తారు, వేరే రకంగా. మెథడోన్, బ్యుప్రెనార్ఫిన్ లాంటి ప్రత్యామ్నాయ మందులు ఒంటికి అలవాటైనవాళ్లకు. అలవాటు లేనివాడికి మెథడోన్ ఇస్తే అదే ఊపిరి ఆపవచ్చు, కాబట్టి ఇంకెవరి డోసూ పంచుకోకూడదు. అప్పుడప్పుడూ వాడేవాళ్లకు పనికొచ్చేది కౌన్సెలింగ్, వెనకున్న నిద్రలేమి, దిగులు, నొప్పి వంటివాటికి చికిత్స. ఓపియాయిడ్ల ప్రభావాన్ని అడ్డుకునే నాల్ట్రెక్సోన్ మాత్ర కొందరికి సాయపడుతుంది. అయితే అది మొదలుపెట్టే ముందు 7 నుంచి 10 రోజులు ఓపియాయిడ్లేవీ ఒంట్లో లేకుండా ఉండాలి, లేకపోతే ఒక్కసారిగా తీవ్రమైన విత్‌డ్రాయల్ వస్తుంది. నెలల తరబడి గదిలో బంధించే సెంటర్లు ఇలాంటి మనిషికి అవసరం లేదు. అక్కడ పరిచయమయ్యేది రోజూ వాడేవాళ్లే.

కేంద్రం నడిపే ఉచిత డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446. మానసిక సమస్యలకు టెలీ మానస్ 14416, తెలుగులో మాట్లాడవచ్చు.

చికిత్సకు వెళితే పోలీసులు పట్టుకుంటారా?

ఎన్డీపీఎస్ చట్టంలో (దేశ మాదకద్రవ్యాల చట్టం) హెరాయిన్ వాడటం నేరమే. సెక్షన్ 27 కింద ఏడాది వరకు జైలు, లేదా 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. చిన్న పరిమాణం అంటే 5 గ్రాముల వరకు. కానీ అదే చట్టంలో సెక్షన్ 64ఏ ఉంది. వాడకానికో, చిన్న పరిమాణానికో కేసు పడిన వ్యసనపరుడు తనంతట తాను గుర్తింపు పొందిన సంస్థలో చికిత్సకు చేరితే విచారణ నుంచి మినహాయింపు పొందవచ్చు. చికిత్స మధ్యలో వదిలేస్తే అది రద్దు కావచ్చు. సెక్షన్‌లో రాసింది "వ్యసనపరుడు" అని కాబట్టి ఎప్పుడో ఒకసారి వాడేవాడి విషయంలో వకీలు సలహా ముందే తీసుకోవాలి.

అమెరికాలో రూమ్మేట్ పడిపోతే 911 చేస్తే మా వీసా పోతుందని భయం. ఏం చేయాలి?

ఫోన్ చేయండి. చాలా రాష్ట్రాల్లో ఓవర్‌డోస్‌కు సాయం పిలిచినవాళ్లను, పడిపోయినవాళ్లను కొద్దిపాటి సరుకు కేసుల నుంచి కాపాడే చట్టాలున్నాయి. అవి వీసాకు హామీ ఇవ్వవు, అది నిజం. అందుకే తర్వాత ఏ అధికారి అడిగినా జవాబు చెప్పే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి. కోర్టు శిక్ష పడకపోయినా, డ్రగ్ నేరం చేశానని ఒప్పుకున్న మాట కూడా వీసాకు అడ్డం రావచ్చు. గ్రీన్ కార్డు వైద్య పరీక్షలో డ్రగ్ సమస్య ఉందని డాక్టరు తేలిస్తే, సాధారణంగా 12 నెలలు పూర్తిగా దూరంగా ఉన్నాకే ఆ అడ్డు తొలగుతుంది. ఆ 12 నెలల చికిత్స కాగితాలు, హాజరు వివరాలు తేదీలతో సహా దాచుకోవాలి.